మకుటం ముందు, పద్యం తరువాత: ఆటవెలదిలో శతక పద్యం కట్టడం ఎలా

శతక పద్యాన్ని బడిలో మనందరం పై నుంచి కిందికి నేర్చుకున్నాం. మూడు పాదాలు గబగబా అప్పజెప్పి, నాలుగో పాదం రాగానే గొంతు పెంచి ‘విశ్వదాభిరామ వినురవేమ’ అని ఊపిరి పీల్చుకునేవాళ్ళం. ఇలా ప్రతి పద్యం కొసనా మారకుండా వచ్చేదే మకుటం. రాయడానికి కూర్చున్నప్పుడు మాత్రం ఆ వరుస పనికిరాదు. కింది నుంచి పైకి రావాలి.

ఈ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. మొదటిసారి శతకం మొదలుపెట్టినప్పుడు మూడు పాదాలు బ్రహ్మాండంగా కుదిరాయని మురిసిపోయి, చివర మకుటం అతికించడానికి రెండు రోజులు తంటాలు పడ్డాను. మా తెలుగు మాస్టారు కాగితం చూసి, “ఏమోయ్, చొక్కా అంతా కుట్టేసి ఇప్పుడు కొలతలు తీస్తున్నావా?” అన్నారు. ఆ రోజు నుంచి మకుటం కుదరనిదే పై పాదం జోలికి పోవడం లేదు.

అవధానం చూసినవాళ్ళకు ఇది కొత్తేమీ కాదు. సమస్యాపూరణంలో పృచ్ఛకుడు (ప్రశ్న ఇచ్చేవాడు) సాధారణంగా ఆఖరి పాదాన్నే ఇస్తాడు, అవధాని పై మూడూ కట్టుకుంటూ దాన్ని చేరుకుంటాడు. శతకకారుడు తనకు తానే ఒక సమస్య ఇచ్చుకుని, దాన్నే నూరుసార్లో నూట ఎనిమిదిసార్లో పూరిస్తాడన్నమాట.

మకుటం మొదటి అక్షరాన్ని కూడా శాసిస్తుంది

పని మొదలుపెట్టే ముందు పెద్దవాళ్ళు మకుటాన్ని ఎక్కడ కూర్చోబెట్టారో ఒకసారి చూద్దాం. ఇది తెలిస్తే సగం పని తెలిసినట్టే.

ధూర్జటి మకుటం ‘శ్రీకాళహస్తీశ్వరా’. ఏడు అక్షరాలు. ఆ శతకంలోవి శార్దూలాలు, మత్తేభాలు అనే వృత్తాలు, అంటే పాదానికి ఇన్ని అక్షరాలని లెక్క ఉన్న పద్యాలు. శార్దూలానికి పాదంలో 19 అక్షరాలు, యతి (పాదం మొదటి అక్షరంతో పొత్తు కుదరాల్సిన చోటు) 13వ అక్షరం దగ్గర. మత్తేభానికి 20 అక్షరాలు, యతి 14వ అక్షరం దగ్గర. పాదం చివర ఏడు అక్షరాలు లెక్కపెట్టండి: రెండింటిలోనూ మకుటం సరిగ్గా యతిస్థానంలో మొదలవుతుంది. ఆ ఏడు అక్షరాల గురు లఘువుల వరుస కూడా రెండు వృత్తాల్లో ఒకటే (గగల గగల గ; గ అంటే గురువు, ల అంటే లఘువు, వాటి లెక్క కింద చెబుతాను). అందుకే ఒకే మకుటం రెంటికీ అతుకుతుంది. దీనివల్ల ఇంకోటి జరిగింది. నాలుగో పాదం ‘శ్రీ’తో యతి కుదిరే అక్షరంతోనే మొదలవ్వాలి. ‘చింతాకంతయుఁ జింత నిల్పఁడు గదా శ్రీకాళహస్తీశ్వరా’ అన్న పాదం ‘చిం’తో ఎందుకు ఎత్తుకుందో చూశారా? చకారానికి శకారంతో యతి చెల్లుతుంది, అచ్చు ఇకారమే. మకుటం పాదం కొసన కూర్చుని పాదం మొదటి అక్షరాన్ని ఆడిస్తోంది.

కంచర్ల గోపన్న ‘దాశరథీ కరుణాపయోనిధీ’ కూడా అంతే. పదకొండు అక్షరాలు. ఉత్పలమాలలో 10వ అక్షరం, చంపకమాలలో 11వ అక్షరం యతిస్థానం. రెండుచోట్లా అక్కడ ఉండేది ‘దా’. పాల్కురికి సోమనాథుడి ‘బసవా బసవా బసవా వృషాధిపా’ది ఇంకో దారి. పదమూడు అక్షరాలు కావడంతో యతి మొదటి ‘బసవా’ మధ్యలోకి, ‘వా’ మీదికి వస్తుంది.

‘సుమతీ’, ‘భాస్కరా’ లాంటి మూడక్షరాల మకుటాలు చూడ్డానికి తేలిక. కానీ సుమతి కందంలో నడుస్తుంది. కందానికి నాలుగు పాదాల్లోనూ ప్రాస ఉండాలి (పాదాల రెండో అక్షరంలో హల్లు కలవాలి), గణాల (గురు లఘువుల చిన్న గుంపుల) నియమాలూ ఎక్కువ. కొత్తవాళ్ళు దాని జోలికి వెళ్ళకపోవడం మంచిదని నా అభిప్రాయం. ధర్మపురి శేషప్ప కవి నరసింహ శతకంలో మకుటం రెండు పాదాలు ఆక్రమిస్తుంది గానీ, దానిపైన సీస పద్యం మొత్తం నింపుకోవాలి.

వేమన ఆటవెలదుల మకుటం ఇలాంటిది కాదు, పాదం మొత్తం అదే. గణాలూ యతీ అన్నీ దాని లోపలే ఉన్నాయి. పై మూడు పాదాలకు అది ఛందస్సు పరంగా ఏ షరతూ పెట్టదు. మనకు మిగిలేవి మూడు పాదాలే, ప్రాస నియమం లేదు. మొదలుపెట్టడానికి ఇంతకన్నా అనువైన చోటు లేదు.

ఒకటి: చేతిలో ఉండాల్సిన లెక్క

హ్రస్వం లఘువు, దీర్ఘం గురువు. సున్నా ఉన్న అక్షరం, జంటాక్షరానికి ముందున్న అక్షరం కూడా గురువులే. ‘పిల్లి’లో ‘పి’ గురువు, ‘ల్లి’ లఘువు. వేరే మాట జంటాక్షరంతో మొదలైతే, సమాసం కానప్పుడు, దాని ముందు మాట కొసను గురువుగా లెక్కపెట్టం.

ఆటవెలదిలో 1, 3 పాదాలకు మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. 2, 4 పాదాలకు అయిదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదటి అక్షరం యతిస్థానం.

పట్టిక బట్టీ పట్టకండి, ఇంట్లో మాటలతో గుర్తుపెట్టుకోండి. సూర్యగణాలు రెండే: ‘పిల్లి’ (గల), ‘పలుకు’ (లలల). ఇంద్రగణాలు ఆరు: ‘మీగడ’ (గలల), ‘చుక్కలే’ (గలగ), ‘తాతయ్య’ (గగల), ‘కనబడు’ (లలలల), ‘పనివాడు’ (లలగల), ‘పరుగులే’ (లలలగ). ఏ మాట వచ్చినా ఈ ఎనిమిదింటిలో దేనిలా పలుకుతోందో చూసుకుంటే చాలు.

యతికి రెండు చూడాలి, హల్లు కలవాలి, దాని మీది అచ్చూ కలవాలి. అచ్చుల్లో అ ఆ ఐ ఔ ఒక జట్టు, ఇ ఈ ఎ ఏ ఋ ఒక జట్టు, ఉ ఊ ఒ ఓ ఒక జట్టు. హల్లుల్లో క ఖ గ ఘ, త థ ద ధ, ట ఠ డ ఢ, ప ఫ బ భ తమలో తాము కలుస్తాయి. చ ఛ జ ఝ లతో శ ష స కలుస్తాయి. యతి మరీ మొండికేస్తే ప్రాసయతి ఉంది: మొదటి అక్షరాలు కలవకపోయినా రెండో అక్షరాలు కలిస్తే చెల్లుతుంది. ‘చూడ చూడ రుచుల జాడ వేరు’ పాదంలో చూ, జా లకు అచ్చు కుదరదు. ‘చూడ – జాడ’ అని డకారం కాపాడింది. ఆటవెలదిలో ఈ వెసులుబాటు ఉంది, వృత్తాల్లో లేదు.

రెండు: మకుటం కట్టడం

ఇక్కడ తొందర పడొద్దు. మిగతా పద్యాలన్నీ ఈ ఒక్క పాదం మీదే నిలబడతాయి. నేనైతే వారం రోజులు ఇస్తాను.

అయిదు సూర్యగణాలంటే ప్రతి గణమూ లఘువుతోనే ముగుస్తుంది, కాబట్టి ఈ పాదంలో రెండు గురువులు పక్కపక్కన రావు. మనసులో మొదట తట్టే ‘ఓ నా ప్రియ నేస్తమా’ లాంటివి ఇక్కడే రాలిపోతాయి. పాదం కొసన ‘పిల్లీ’ అని సాగదీసి పిలవడమూ కుదరదు. అది గగ, సూర్యగణం కాదు. ‘వేమ’లాగా కురచగా పిలవాలి: తల్లి, చంటి, తాత, అన్న, గువ్వ, పిల్లి.

ముందు అయిదో గణంలో పిలుపు పెట్టండి. తరువాత నాలుగో గణంలో ఒక క్రియ: వినుర, పలుకు, చూడు, చెప్పు, అడుగు. ఆ క్రియ మొదటి అక్షరం చూసుకుని, దానితో యతి కుదిరే మాటతో పాదం ఎత్తుకోండి. ‘చూడు’ అనుకుంటే చు, జు, సు, జొ, శో లాంటి అక్షరాలు వెతకాలి. అలా వచ్చినది: ‘జొన్నచేని గువ్వ చూడుమమ్మ’. జొన్న, చేని, గువ్వ, చూడు, మమ్మ, అన్నీ గల. జొ–చూ యతి. పెద్దమ్మ ఎవరో చేను గట్టు మీద నిలబడి పిట్టతో మాట్లాడుతున్నట్టు ఉంది కదూ. కావాలంటే ఇది మీరే తీసుకోండి.

నేను తీసుకున్నది మా ఇంటి పిల్లిని.

పాలకుండ దొంగ పలుకు పిల్లి

పాల (గల), కుండ (గల), దొంగ (గల), పలుకు (లలల), పిల్లి (గల). పా–ప యతి.

లెక్క కుదిరిన ప్రతిదీ మకుటానికి పనికిరాదు. ‘చదువుకొనుము బాగ చంటి పాప’ అని ఒకటి కట్టి చూశాను. గణాలు సరే, యతి సరే. కానీ ఆజ్ఞ వేసే మకుటం పెట్టుకుంటే పైన ఏం రాసినా నీతిబోధ అయిపోతుంది. అయిదో పద్యానికే నాకు నామీద విసుగొచ్చింది. ‘పలుకు’ కూడా ఆజ్ఞే కదా అంటారేమో. అది జవాబు అడుగుతుంది. జవాబు అడిగే పాదం పైన ఫిర్యాదు పెట్టొచ్చు, వెక్కిరింత పెట్టొచ్చు, జాలి కూడా పెట్టొచ్చు.

మూడు: మూడో పాదం ముందు రాయండి

మకుటాన్ని అందించే చేయి మూడో పాదం. వేమన ‘పురుషులందు పుణ్య పురుషులు వేరయా’ పాదం కొస చూడండి. ‘వేరయా’ అన్న పిలుపు ఎవరినో ఉద్దేశించి మొదలైంది, కింది పాదంలో ‘వినుర’ ఆ పిలుపును అందుకుంది. ఇలాంటి అందింపు లేకపోతే మకుటం గోడకు కొట్టిన మేకులా విడిగా కనిపిస్తుంది.

పిల్లి దగ్గరికి వద్దాం. నేరం పట్టుబడిన క్షణం మూడో పాదంలో ఉండాలి, వెంటనే ‘పాలకుండ దొంగ’ అనాలి. మొదట వచ్చింది:

మీసమంత పాలు, మీగడ మాయము

మీస, మంత, పాలు మూడు సూర్యగణాలు. మీగడ, మాయము రెండు భగణాలు (గలల). మీ–మీ యతి. లెక్కకు ఢోకా లేదు. ఇంట్లో చదివి వినిపిస్తే మా అమ్మాయి, “మీసమంత పాలంటే ఎన్ని పాలు నాన్నా?” అంది. నిజమే, ‘అంత’ కొలతలా వినిపిస్తోంది. ‘మీసమెల్ల’ అని మార్చాను. గణం మారలేదు, అర్థం తేటపడింది.

నాలుగు: ఒకటి, రెండు పాదాలు

నేరం తెలిసింది, ఇప్పుడు దానికి ముందు కథ కావాలి. రాత్రి కుండ మీద మూత పెట్టి, రాయి మోపి పడుకున్నాను.

మూత పెట్టి రాయి మోపి పడుకొంటి

మూత, పెట్టి, రాయి దాకా బాగానే ఉంది. మూ–మో యతి కూడా కుదిరింది. తరువాత ‘మోపి ప’ (గలల) సరే, ‘డుకొంటి’ దగ్గర బండి ఆగిపోయింది. లఘువు, గురువు, లఘువు: జగణం. ఇంద్రగణాల్లో అది లేదు. పైకి చదివితే నాలుకా అక్కడే తడబడుతుంది.

ఇలాంటప్పుడు కొత్తవాళ్ళు చేసే పొరపాటు ఒకటుంది: ‘భళి’, ‘సుమ్మి’, ‘నిజముగ’ లాంటివి దూర్చి ఖాళీ పూడ్చడం. అలా పూడ్చకండి. సంగతి ఒకటి తగ్గించండి. పడుకోవడం ఎందుకు చెప్పాలి? రాత్రయిందని తరువాతి పాదమే చెబుతుంది. దాన్ని తీసేస్తే:

మూత పెట్టి పైన మోపితి నొక రాయి

మోపితి (గలల), నొకరాయి (లలగల). రెండో పాదం అయిదూ సూర్యగణాలు: తెల్ల, వారి, చూడ, తెరచి, యుండె. తె–తె యతి. మొత్తం పద్యం ఇదీ:

మూత పెట్టి పైన మోపితి నొక రాయి
తెల్లవారి చూడ తెరచి యుండె
మీసమెల్ల పాలు, మీగడ మాయము
పాలకుండ దొంగ పలుకు పిల్లి

‘మోపితి’, ‘యుండె’ మనం రోజూ వాడే రూపాలు కావు, నిజమే. ‘వచ్చాడు’ (గగల) లాంటి వాడుక రూపాలు ఇంద్రగణాల్లో హాయిగా ఇమిడిపోతాయి గానీ, సూర్యగణాల పాదంలో పక్కపక్కన రెండు గురువులుంటే ఇరుకే. నేను సగం దారిలో ఆగుతాను. క్రియకు పాత రూపం, నామవాచకాలకు వంటింటి మాట. ‘క్షీరభాండము’ అని మాత్రం రాయను.

అయిదు: రెండో పద్యం, అసలు పరీక్ష

మొదటి పద్యానికి మకుటం ఎలాగూ కుదురుతుంది, ఆ రెండూ కలిసి పుట్టాయి కాబట్టి. రెండో పద్యంలోనే దాని సత్తా తెలుస్తుంది. మళ్ళీ పిల్లి మళ్ళీ దొంగతనం చేసిందని రాస్తే మకుటం రెండోసారికే పాతబడిపోతుంది. అక్షరం మారకూడదు, అర్థం మారాలి.

కాసుల పురుషోత్తమ కవి ఆంధ్రనాయక శతకంలో మకుటం నిండా పొగడ్తలే. దేవుణ్ణి ‘దాక్షిణ్యభావ’ అంటాడు. పై పాదాల్లో అదే దేవుణ్ణి దెప్పుతూ, దెప్పినట్టే పొగుడుతూ పోతాడు. దెప్పిన ప్రతిసారీ కింద అవే పొగడ్తలు కొత్త రుచితో వినిపిస్తాయి. మకుటం మార్చకుండా అర్థం మార్చడమంటే అదీ.

నా మకుటంలో ‘దొంగ’ అన్న మాట చుట్టూ తిరిగాను. పిల్లిని దొంగ అంటున్నాం సరే, ఆ పాలు కుండలోకి చేరేలోగా ఎంతమంది చేతులు మారాయి?

నీళ్ళు పోసె నొకడు నేర్పుగ మొదలందు
కొలత తగ్గ బోసె కొట్టువాడు
నాకినావు నీవు నాలుగు చుక్కలే
పాలకుండ దొంగ? పలుకు పిల్లి

మొదటి పద్యంలో ‘దొంగ’ పిలుపు. ఇక్కడ అది ప్రశ్న. ఒక్క విరామచిహ్నం తప్ప ఏదీ కదల్లేదు, దోషి మాత్రం మారిపోయాడు. లెక్క మీరే సరిచూసుకోండి: నీ–నే, కొ–కొ, నా–నా యతులు. ‘చుక్కలే’ రగణం (గలగ), ‘మొదలందు’ సలం (లలగల).

పద్యం అతికిస్తే గణాలు విడదీసి, యతి తప్పితే చూపించే సాధనాలు ఇప్పుడు ఇంటర్‌నెట్‌లో ఉన్నాయి. వాడుకోండి, తప్పేమీ లేదు. అయితే మకుటం పద్యానికి అతికిందో లేదో అవి చెప్పవు. దానికి నేను చేసేది ఇది. నా మకుటం తీసేసి వేమన మకుటం పెట్టి చదువుతాను. పద్యం ఏమీ నష్టపోకుండా నిలబడితే నా మకుటం అక్కడ ఉత్తినే కూర్చుందన్నమాట. పై పద్యంలో ‘నాకినావు నీవు నాలుగు చుక్కలే, విశ్వదాభిరామ వినురవేమ’ అని చదివి చూడండి, నవ్వొస్తుంది. అంటే మకుటం పని చేస్తోంది.

ఆరు: ఎన్ని రాయాలి

శతకమంటే నూరు, నూట ఎనిమిది. మొదటే దానికి దిగకండి. మనవాళ్ళు చిన్న కొలతలూ పెట్టారు: అష్టకం 8, పంచవింశతి 25, నక్షత్రమాల 27. ఎనిమిదితో మొదలుపెట్టండి. శతకంలో ఏ పద్యానికదే ముక్తకం, కథ వరుసగా నడవనక్కర్లేదు. కానీ మకుటం అర్థం ఏ వరుసలో మారుతుందో మాత్రం ఆలోచించి పేర్చండి. రెండు ప్రశ్నల పద్యాలు పక్కపక్కన పెట్టకండి. నిందించే పద్యం తరువాత బుజ్జగించేది, దాని తరువాత వెక్కిరించేది. మకుటాన్ని మధ్యలో ఎక్కడా సవరించొద్దు. నాలుగో పద్యంలో ‘పలుకు’ బదులు ‘పరుగు’ పెడితే బాగుంటుందని చెయ్యి లాగుతుంది, యతి కూడా చెల్లుతుంది. అప్పుడు పద్యాన్నే పక్కన పెట్టండి.

నోట్‌బుక్‌లో పేజీ అడుగున మకుటం ముందే రాసి, పైన మూడు గీతలు ఖాళీగా ఉంచుకుంటాను. ఎనిమిది పేజీలు, ఎనిమిది మకుటాలు. ఒక్కోసారి మూడో పాదం ఒక్కటే దొరికి నెలంతా అలాగే ఉంటుంది. ప్రస్తుతం అయిదో పేజీలో ‘గిన్నె నాకి వచ్చి కిటికీలో నిద్దుర’ అని ఉంది. గిన్నె, నాకి, వచ్చి, కిటికీలో... ‘కిటికీ’ లలగ, ‘లో’ మళ్ళీ గురువు. లలగగ ఇంద్రగణాల్లో లేదు. ‘కిటికిలో నిద్దుర’ అంటే లలలగ, గలల, కుదిరిపోతుంది. గి–కి యతి కూడా ఉంది. మా వైపు ‘కిటికి’ అని కురచగానే అంటారు కాబట్టి మనసు ఒప్పుకుంది. పై రెండు పాదాలూ ఇంకా రావాలి.

చదివేటప్పుడు

నలుగురిలో చదివితే మూడో పాదం అయ్యాక ఒక్క క్షణం ఆగండి. మొదటి రెండు పద్యాలు విన్నాక, మూడో పద్యానికి వినేవాళ్ళే మకుటం అందుకుంటారు. అందుకోనివ్వండి. రెండో పద్యంలో ‘దొంగ’ దగ్గర గొంతు పైకి లేపాలి, అక్కడ అది ప్రశ్న. మా ఇంట్లో చదివినప్పుడు నేను మరిచిపోయి మొదటి పద్యంలాగే దించేశాను. మా అమ్మాయి మధ్యలోనే ఆపి, “కొట్టువాడి పద్యంలో పిల్లిని తిడతావేంటి నాన్నా?” అని మళ్ళీ చదివించింది.